పిట్ట వాలని చేను

ద్రాక్షారామం గుడికి వెళ్ళవలసిన పెద్దమనిషి ఒకాయన ఒకసారి దారి తప్పి మా పుంతలోకి వచ్చాడు. మా చేలో దిష్టిబొమ్మ నిలబడి ఉంది. దానికి నాలుగడుగుల దూరంలో గట్టు మీద నేను నిలబడి ఉన్నాను. ఇద్దరి ఒంటి మీదా ఒకే తానులో గుడ్డతో కుట్టిన చొక్కాలే. ఆయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, దారి బొమ్మని అడిగాడు. నేను జవాబు చెప్పేసరికి ఉలిక్కిపడ్డాడు. ఆయన తప్పేం లేదు. మా ఇద్దరిలో కాస్త తెలివైన ముఖం దానిదే.

ఏడో తరగతి రెండోసారి చదువుతూ బడి మానేశాను. బడే నన్ను మానేసిందంటే ఇంకా న్యాయంగా ఉంటుంది. అప్పట్నుంచీ నాకున్న ఆస్తి రెండెకరాల చేను, ఒక నోరు. చేను ఏడాదికి రెండు పంటలు పండేది, సార్వా ఒకటి, దాళ్వా ఒకటి. నోరు మాత్రం రోజూ పండేది. టీ కొట్టు దగ్గర నేను కూర్చుంటే పదిమంది నిలబడేవారు.

ఆ బొమ్మని చేసింది మా ఆవిడ. అందరూ కుండ బోర్లించి, మసి పూసి, సున్నం బొట్లు పెట్టి ఊరుకుంటారు. ఆవిడ ఊరుకోలేదు. రోడ్డు పనివాళ్ళ దగ్గర కాస్త తారు అడిగి తెచ్చి, ఆ కుండకి నా మీసం గీసింది. అచ్చం నాదే, ఎడమ పక్క కాస్త పైకి లేచి ఉంటుంది. నా పాత చొక్కా తొడిగింది. అక్కడితో ఆగక, ఒక నూనె డబ్బాలో రాయి వేసి దాని చేతికి వేలాడదీసింది. గాలి వీస్తే చాలు, డబ్బా లొడలొడమని మోగేది. దిష్టికి దిష్టీ పోతుంది, పిట్టలకి పిట్టలూ పోతాయని ఆవిడ లెక్క.

"డబ్బా ఎందుకే? మీసం చూస్తే సరిపోదా?" అన్నాను.

"మీ మీసానికి పిట్టలు నవ్వుతాయండి, ఎగిరిపోవు," అంది.

ఆవిడకి ఒక అలవాటుండేది. నలుగురిలో నా మాట హద్దు దాటబోతుంటే ఎక్కడున్నా దగ్గేది. చిన్న దగ్గు. అది వినబడితే నేను అక్కడికక్కడ మాట మింగేసేవాణ్ణి. మా కాపురమంతా ఆ దగ్గు మీదే నడిచింది.

పురుగుమందు కొట్టడానికి ట్యాంకు నేను మోసేవాణ్ణి, మందు ఆవిడ కలిపేది. డబ్బా మూత పళ్ళతో తీసేది, పుల్ల దొరక్కపోతే చేత్తోనే కలిపేది. ఊళ్ళో అందరూ అంతే. ఒక దాళ్వా మధ్యలో ఆవిడకి ఒంట్లో బాగోలేదు. కాకినాడ తీసుకెళ్ళాం. వెళ్ళేటప్పుడు బస్సులో ఇద్దరం, వచ్చేటప్పుడు నేనొక్కణ్ణే సీటులో ఉన్నాను. మందు వల్లేనని ఎవరూ చెప్పలేదు. కాదని కూడా ఎవరూ చెప్పలేదు. ఆ పంట కోశాక ట్యాంకు అటక మీద పడేశాను. మళ్ళీ దాన్ని దింపాలంటే పట్టీలో ఆవిడ ముడేసిన గుడ్డపేలిక కనబడుతుంది. భుజం నొప్పి పుట్టకుండా వేసిన ముడి అది.

ఆవిడ పోయిన మూడో నెలలో మా బావ మందు కొడుతూ గట్టు మీద కళ్ళు తిరిగి పడిపోయాడు. బావంటే మా అక్క మొగుడు. ఆయన చేనూ నా చేనూ ఒకే గట్టుకి అటూ ఇటూ. ఆయన్ని మోసుకొచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. తేరుకున్నాడు. వారం తర్వాత టీ కొట్టు దగ్గర నేను కథ చెబుతున్నాను.

"మా బావ మందు కొడితే ఏమైంది అనుకున్నారు? పురుగులన్నీ గట్టెక్కి, పాపం పెద్దాయన పడిపోయాడని విసనకర్రతో విసిరాయి."

అందరూ నవ్వారు. ఆ నవ్వులో నేను కాస్త ఆగి చూసుకున్నాను, దగ్గు కోసం. వినబడలేదు. వెనక్కి తిరిగితే బావ నిలబడి ఉన్నాడు, చేతిలో గ్లాసుతో. గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. అక్క మాత్రం కూర గిన్నె తెచ్చి మా అరుగు మీద పెట్టి, మూత సరిచేసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయేది. నేను ఏదో ఒకటి అని నవ్వించాలని చూసేవాణ్ణి. గిన్నె తీసుకునేసరికి అక్క వీధి దాటేసేది.

ఆ ఏటి సార్వాకి మా ఊళ్ళో పొలంబడి పెట్టారు. వదిలేసిన బడి వెతుక్కుంటూ నా పొలానికే వచ్చిందన్నమాట. వ్యవసాయ శాఖ నుంచి ఒక మేడమ్ గారు వారానికోసారి వచ్చి, మమ్మల్ని చేలో దించి, దుబ్బుల్లో పురుగులు లెక్కపెట్టించేవారు. పంటని తినేవి ఎన్ని, ఆ తినేవాటిని తినేవి ఎన్ని. సాలీళ్ళు, తూనీగలు, అక్షింతల పురుగులు మన వైపు. మందు కొడితే ముందు చచ్చేది మనవాళ్ళేనని, ఎదటివాళ్ళు మళ్ళీ పుట్టుకొస్తారని మేడమ్ గారు చెప్పారు. నేను చార్టు మీద సాలీడు బొమ్మ గీస్తే మేడమ్ గారు అది ఎండ్రకాయా అని అడిగారు. అయినా ఒక్క వారం మానలేదు. మందు ముట్టుకోకుండా పంట తీయొచ్చని నాకు మొట్టమొదట చెప్పింది ఆవిడే. నాకు కావలసిందల్లా అదే. ఈ సార్వా చేను మందు లేకుండా నిలబడితే ట్యాంకు అటక మీదే ఉంటుంది. నిలబడకపోతే దింపాలి. మందు నేనే కలుపుకోవాలి.

పిట్టలు వాలడానికి చేలో కర్రలు పాతమన్నారు. నేను కొబ్బరి మట్టలు చీల్చి, పైన అడ్డపుల్ల కట్టి, ఎకరానికి పది చొప్పున ఇరవై పాతాను. వాటి మీద కూర్చుని పిట్టలు పురుగుల్ని ఏరుకు తింటాయట. పది రోజులు ఎదురుచూశాను. ఒక్క పిట్ట వాలలేదు. ఈ లోపల పడమటి పక్కన ఆకుముడత మొదలైంది. పురుగు ఆకుని గొట్టంలా చుట్టుకుని లోపల కూర్చుని పచ్చదనం గీరేస్తుంది. ఆకులు తెల్లబడ్డాయి.

"పిట్టలొస్తున్నాయా అండీ?" అని అడిగారు మేడమ్ గారు.

"లేదండి. శుభలేఖలు వేయించలేదు కదండి, అలిగినట్టున్నాయి," అన్నాను.

ఆవిడ నవ్వకుండా మా చేను దగ్గరికి నడిచి వచ్చారు. గట్టు మీద నిలబడ్డారు. గాలి వీచింది. చేను నడిమధ్యన, ఇరవై కర్రల మధ్య, నా మీసం పెట్టుకున్న బొమ్మ డబ్బా లొడలొడలాడించింది.

"ఇదేంటండీ?"

"దిష్టిబొమ్మండి."

"పెళ్ళికి పిలిచి గుమ్మంలో కుక్కని కట్టేశారేంటండి," అన్నారావిడ.

దిష్టిబొమ్మ లేని చేను మా వైపు ఉండదు. పచ్చగా ఉన్న చేలో బొమ్మ ఉండాల్సిందే, ఇంటి గుమ్మానికి గడప ఉన్నట్టు. పిట్టల్ని పిలిచే చేతితో దాన్ని తీయాలన్న ఆలోచనే నాకు రాలేదు.

"శాశ్వతంగా తీసేయమనట్లేదండి. గింజ పాలు పోసుకున్నాక పిచ్చుకలూ చిలకలూ గింజల కోసం వస్తాయి. అప్పుడు కర్రలు పీకేసి బొమ్మని మళ్ళీ పెట్టుకోండి. అందాకా తీసెయ్యండి," అన్నారు.

సరేనండి అన్నాను. ఆ బొమ్మ ఎవరు చేశారో చెప్పలేదు.

మూడు రోజులు తీయలేదు. రోజూ చేలో దిగి దాని దగ్గరదాకా వెళ్ళేవాణ్ణి. వానకి సున్నం బొట్లు ఎప్పుడో కరిగిపోయాయి. తారు మీసం మాత్రం అలాగే ఉంది. ఏదో ఒకటి మాట్లాడి వెనక్కి వచ్చేసేవాణ్ణి. ఊళ్ళో నా మాట నిలబడి వినేది అదొక్కటే మిగిలింది. నాలుగో రోజు పొద్దున్న గట్టవతల బావ మందు కొడుతున్నాడు. వాసన గాలిలో ఇటు వచ్చింది. ఆ వాసనకి మా ఆవిడ చేతులు గుర్తొచ్చాయి. సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా అన్నం కలిపేటప్పుడు ఆ చేతులకి అదే వాసన ఉండేది. చేలో దిగి బొమ్మని పెకలించాను. కింద గుంటలో నీళ్ళూరాయి.

దాన్ని భుజాన వేసుకుని వీధంతా నడిచి ఇంటికి తెచ్చాను. టీ కొట్టు దగ్గర ఎవరో "ఏంటోయ్, తోడు తెచ్చుకున్నావా?" అన్నారు. "మా తమ్ముడు, పట్నం నుంచి దిగాడు," అన్నాను. నవ్వారు. నేను ఆగలేదు. ఇంటికొచ్చి అరుగు మీద గోడకి ఆనించాను. డబ్బా విప్పి గూట్లో పెట్టాను. అరుగు మీద గాలి ఆడినా ఇక చప్పుడు లేదు. ఆ మధ్యాహ్నం ఇల్లెంత పెద్దదో నాకు తెలిసింది.

మర్నాడు కాదు, ఆ మర్నాడు పసులపోలిగాడు వచ్చాడు. నల్లగా, తోక చివర చీలి ఉంటుంది. గేదె వీపు మీద కూర్చుని ఊరేగే పిట్ట. అడ్డపుల్ల మీద వాలి, అటూ ఇటూ చూసి, సర్రున చేలోకి దిగి, నోట్లో పురుగుతో మళ్ళీ అదే పుల్ల మీదకి వచ్చి కూర్చున్నాడు. నాకు కేక పెట్టాలనిపించింది. ఎవరికి పెట్టాలి? అటు చూస్తే బావ చేను, ఇటు చూస్తే కాలువ. దగ్గర్నుంచి చూద్దామని రెండడుగులు వేశాను. ఎగిరిపోయాడు.

అక్కడితో నాకు ఆ కొలువు నియమాలు అర్థమయ్యాయి. నేనుంటే వాళ్ళు రారు. అందుకని పొద్దున్నే నీరు చూసుకుని, కాలువ గట్టెక్కి దూరంగా కూర్చునేవాణ్ణి. విందుకి పిలిచి, ఇంటాయన పక్క వీధిలో కూర్చున్నట్టుండేది. వారంలో మరో రెండు జంటలొచ్చాయి. కొంగలు మళ్ళల్లో దిగి నడిచేవి. మంచు పడ్డ పొద్దుల్లో దుబ్బుల మధ్య సాలెగూళ్ళు మెరిసేవి. కప్పలు ఎక్కువయ్యాయి. పడమటి పక్కన కొత్త ఆకు తెల్లబడకుండా వచ్చింది. చేలో ఇంతమంది చేరారు, నాకు మాత్రం చేలో చోటు లేదు. టీ కొట్టుకి వెళ్ళాలంటే బావ అక్కడ ఉంటాడేమోనని వెళ్ళేవాణ్ణి కాదు. కొన్ని రోజులు పొద్దుట్నుంచి సాయంత్రందాకా ఒక్క మాట కూడా మాట్లాడకుండా గడిచేవి. నా నోరు అంతకాలం ఖాళీగా ఉండటం నేను పుట్టాక అదే మొదలు.

చేను పొట్ట మీదకి వచ్చేసరికి ఎలుకలు దిగాయి. ఎలుక తెలివి చూడాలి. గట్టు పక్కన ముట్టుకోదు. నడిమధ్యన మొదలుపెడుతుంది. గట్టు మీద నిలబడి చూసేవాడికి చేను నిండుగానే కనిపిస్తుంది. లోపలికి దిగితే, కొడవలితో ఏటవాలుగా కోసినట్టు పిలకలు తెగి పడి ఉంటాయి. నా చేలో మంచమంత మేర ఖాళీ అయింది. బావ చేలోనూ అంతేనని అక్క గిన్నె పెడుతూ చెప్పింది. చెప్పి వెళ్ళిపోయింది.

గుడ్లగూబ కోసం ఇంకా ఎత్తుగా, లావుపాటి అడ్డకర్రతో పాతమన్నారు మేడమ్ గారు. మా వైపు గుడ్లగూబ ఇంటి మీద వాలితే శాంతి చేయించుకుంటారు. ఇల్లు వదిలి వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు. దాన్ని నేను చేలోకి పిలుస్తున్నానని తెలిసి ఒకరిద్దరు మా గట్టు మీంచి నడవడం మానేశారు. నాకు కొత్తగా పోయేదేముంది? వెదురు తెచ్చి రెండు పాతాను. అయిదో రోజు పొద్దున ఒక కర్ర కింద, బొటనవేలంత నల్లటి ఉండ ఒకటి కనబడింది. పుల్లతో విడదీశాను. వెంట్రుకలు, సన్నటి ఎముకలు, పసుప్పచ్చ పళ్ళతో ఎలుక దవడ. గుడ్లగూబ తిన్నదాంట్లో అరగనిదంతా అలా కక్కేస్తుందట. అది వచ్చింది, తింది, వెళ్ళింది. నేను చూడనే లేదు. దాన్ని అరిటాకులో చుట్టుకుని ఇంటికి తెచ్చి, అరుగు మీద బొమ్మ ముందు విప్పి చూపించాను. ఇంకెవరికి చూపించను?

ఆ తర్వాత పొద్దున్నే రెండు కర్రల కిందా వెతకడం నాకు పనైంది. రెండు, మూడు, ఒక్కోసారి నాలుగు ఉండలు దొరికేవి. ఎలుకలు పూర్తిగా పోలేదు గానీ, మంచమంత ఖాళీ మంచమంతే ఉండిపోయింది.

ఒక పొద్దున కర్రల కింద ఏమీ లేవు. నడుచుకుంటూ ఉమ్మడి గట్టు దగ్గరికి వెళ్తే, గడ్డిలో తెల్లగా పడి ఉంది. గుడ్లగూబని అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. తమలపాకు ఆకారంలో తెల్లటి ముఖం. రెక్క ఎత్తితే దూదికంటే తేలిక. గట్టుకి బావ చేను వైపున రెండు చచ్చిన ఎలుకలున్నాయి. బావ మందు పెట్టాడు. మందు తిన్న ఎలుకని ఇది తింది. ఆయన తప్పు కాదు, ఊరంతా పెడుతుంది, నేనూ పెట్టినవాణ్ణే. దాన్ని గట్టు పక్కన గొయ్యి తీసి పూడ్చాను. మర్నాడు ఒక కర్ర కింద ఒక్క ఉండ దొరికింది. అంటే ఇంకోటి మిగిలింది.

బావ ఇంటికి వెళ్ళాను. దారి పొడుగునా ఒకటే మాట వల్లించుకున్నాను, బావగారూ, ఎలుకల మందు ఈ నెల పెట్టకండి. అంతే. ఏడో తరగతి తప్పినవాడు కూడా చెప్పగలిగిన మాట. ఆయన వరండాలో పేపరు చదువుతున్నాడు. తలెత్తాడు. ఇన్ని నెలల తర్వాత ఆయన కళ్ళు నా మీద నిలిచాయి. నాకు భయమేసింది. భయమేస్తే నాకు వచ్చేది ఒకటే.

"బావగారూ, మీ ఇంటి భోజనం తిని మా పాలేరు ఒకడు పోయాడండి," అన్నాను.

ఆయన పేపరు మడిచి లోపలికి వెళ్ళిపోయాడు.

అక్క గుమ్మంలోకి వచ్చింది. చేతులకి పిండి ఉంది. "ఒరేయ్, నీకు ఒక్క మాటన్నా తిన్నగా రాదేంట్రా?" అంది.

నేను నిలబడ్డాను. గుమ్మం వైపు కాదు, నేల వైపు చూసి చెప్పాను. "గుడ్లగూబ ఒకటి చచ్చిపోయిందక్కా. ఇంకోటే ఉంది. అది కూడా పోతే నేను మళ్ళీ మందు డబ్బా ముట్టుకోవాలి. ముట్టుకోలేను."

లోపల కుర్చీ కదిలిన చప్పుడైంది. నేను వచ్చేశాను.

ఆ తర్వాత గట్టు మీద చచ్చిన ఎలుక కనబడలేదు. ఎవరూ నాకు ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. కర్ర కింద రోజుకి ఒకటో రెండో ఉండలు మాత్రం తప్పలేదు. చేను ఈనింది. వెన్ను వంగింది. గింజ నొక్కి చూస్తే తెల్లటి పాలు వేలికి అంటాయి. ట్యాంకు అటక మీదే ఉంది.

మేడమ్ గారు చెప్పినట్టే కొబ్బరి మట్టలు ఇరవై పీకేశాను, ఎత్తు కర్రలు రెండూ ఉంచాను. బొమ్మని భుజాన వేసుకుని, డబ్బా చేత్తో పట్టుకుని చేలోకి వచ్చాను. నడిచినంతసేపూ డబ్బా మోగుతూనే ఉంది. ఎత్తు కర్ర దగ్గర బావ గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో పుల్లతో ఆ నల్లటి ఉండని కదుపుతున్నాడు.

"ఇవన్నీ ఎలుకవేనా?" అన్నాడు, నా వైపు చూడకుండా.

"అవునండి."

ఉండలోంచి ఒక దవడని పుల్లతో బయటికి లాగాడు. "దాళ్వాకి మా చేలో కూడా రెండు పాతు," అన్నాడు.

అవునండి, పాతుతానండి. అంతే అనాలి. ఇన్ని నెలలుగా ఎదురుచూసిన మాట అది. నోరు తెరిచాను.

"పాతుతాను గానీ బావగారూ, మీ చేలో మందు వాసనకి గుడ్లగూబ కళ్ళు తిరిగి పడితే విసనకర్ర ఎవరు పట్టాలండి?"

అనేశాక తెలిసింది ఏమన్నానో. ఎవరూ దగ్గలేదు. చేను మీద గాలి వెన్నుల్ని ఒక పక్కకి వంచి వదిలింది. నేను బొమ్మని దాని పాత గుంటలోకి దించి, అనవసరంగా చాలాసేపు మట్టి తొక్కాను.

బావ లేచాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. దగ్గరికొచ్చి నా చేతిలోంచి డబ్బా తీసుకున్నాడు. బొమ్మ చేతికి తాడు రెండు ముళ్ళేసి బిగించాడు, ఒకసారి ఊపి చూశాడు. లొడలొడమంది. ఆ తారు మీసం కేసి చూసి, తర్వాత నా కేసి చూసి అన్నాడు:

"డబ్బా ఉండాల్సింది బొమ్మకిరా. మా చెల్లెమ్మ పోయిన కాణ్ణుంచీ నువ్వు కట్టుకు తిరుగుతున్నావు. అది కాసేపు ఆపి చూడు, పిట్టలేంటి, మేమూ వచ్చి వాలతాం."